ఒంటిచెవి గాడిద ఆఖరి పేజీ హరాజు

మా బాపు సిరిసిల్లలో సాంచల మీద పనిచేసేవాడు. కరెంటు మగ్గాన్ని మా ఊళ్లో సాంచ అంటారు. పొద్దటి షిఫ్టు దిగి ఇంటికొచ్చి, చేతులకంటిన నూనె కడుక్కుని, అన్నం తిని, కిటికీ పక్కన బల్ల వేసుకుని కూర్చునేవాడు. వెలుతురు ఉన్నంతసేపు బొమ్మల కథలు గీసేవాడు. నెలకు నాలుగు పేజీలు. వాటిని రెండు అట్టల మధ్య పెట్టి, నూలు దారంతో కట్టి, జగిత్యాల బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేవాడు.

జగిత్యాలలో ఒక ప్రెస్సు ఉండేది. దాని యజమాని గొల్లపల్లి వైపు ఒక దొరల ఇంటి మనిషి. సంఘాల వాళ్లు దొరల మీద లేస్తున్నారని, ఊళ్లో ఉండే రోజులు పోయాయని ముందుగానే తెలుసుకుని జగిత్యాల చేరి ప్రెస్సు పెట్టాడు. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు వేసేవాడు. వాటి మీద వచ్చింది పెట్టి పిల్లల మాసపత్రిక నడిపేవాడు. మా బాపు బొమ్మలు అందులో వచ్చేవి. బాపు పేరు మాత్రం ఎక్కడా ఉండేది కాదు. అది బాపు కోరికే. తన సాంచల మీద పనిచేసే మనిషి ఇంకో పని కూడా చేస్తున్నాడని కార్ఖానా సేటుకు తెలిస్తే ఏమంటాడోనని భయం.

ఆయన గీసిన కథల్లో అందరూ మెచ్చింది ఒంటిచెవి గాడిద కథ. ఒక కుమ్మరి పిల్ల, ఆమె వెంట ఒంటిచెవి గాడిద. ఊరి కుండలన్నీ ఎత్తుకుపోయి కోటలో దాచిన రాజు దగ్గరికి వాళ్లిద్దరూ బయలుదేరుతారు. మూడేళ్లు నడిచిందా కథ. చివరగా అచ్చయిన భాగంలో పిల్ల కోటగోడ మీది నుంచి తాడు పట్టుకుని దిగుతుంటుంది. పైన కాపలావాడు తాడు మీద కత్తి పెడతాడు. కింద ‘మిగతాది వచ్చే నెల’ అని ఉంది.

ఆ వచ్చే నెల రాలేదు. ప్రెస్సు మూతపడింది. ఆ రోజుల్లో ప్రెస్సు నడపడం మాటలు కాదు. రాత్రి అడవిలోంచి ఒకరు వచ్చి ఈ కాగితం అచ్చు వేయమనేవారు. పొద్దున పోలీసులు వచ్చి ఆ కాగితం ఎవరు వేయించారని అడిగేవారు. ఎవరికీ జవాబు చెప్పలేక యజమాని ఒకరోజు తాళం వేసి, కరీంనగర్‌లో ఉన్న కూతురింటికి వెళ్లిపోయాడు. బాపు అప్పటికే ఆఖరి నాలుగు పేజీలు గీసి పంపేశాడు. వాటిని ఎవరూ చూడలేదు. నేను కూడా చూడలేదు. కథ అచ్చు కాకముందు ఇంట్లో ఎవరికీ చూపించడం బాపుకు అలవాటు లేదు.

రెండేళ్లు గడిచాయి. నాకు కోరుట్లలో ఆడపిల్లల బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. ఒకరోజు పనిమీద జగిత్యాల వెళ్తే బస్టాండు గోడ మీద కాగితం కనిపించింది. ప్రెస్సు సామాను హరాజు, అంటే వేలం, అని రాసి ఉంది. అచ్చు మెషిన్, కటింగ్ మెషిన్, సీసం అక్షరాలు, బల్లలు, పాత పుస్తకాలు, తూకానికి అమ్మే రద్దీ కాగితం. ఆ ఆఖరి మాట చదివి నేను బస్సెక్కకుండా ప్రెస్సుకు నడిచాను.

అక్కడ యజమాని అల్లుడు ఉన్నాడు. మామకు ఓపిక లేక అమ్మకం పని ఈయనకు అప్పజెప్పాడు. వెనక గదిలో రద్దీ కుప్పలో, పురికొసతో బిగించి కట్టిన నాలుగు కట్టలు చూశాను. దారం వదులు చేసి ఒక షీటు బయటికి తీశాను. అచ్చులో అరచేయంత ఉండే బొమ్మ అక్కడ మూరెడు ఉంది. నల్ల సిరా గీతల కింద పెన్సిలు గీతలు కనిపిస్తున్నాయి. గాడిద చెవి ఒకసారి పెద్దదై, దాని మీద తెల్ల రంగు పూసి మళ్లీ గీసిన జాడ ఉంది. మూలన బాపు బొటనవేలి ముద్ర. కట్టల అడుగున, బాపు కట్టిన నూలు దారం ఇంకా విప్పని అట్టలు కనిపించాయి; అవే ఆఖరి నాలుగు పేజీలు.

“ఇవి మా బాపు గీసినవండీ. ఇవి రద్దీ కాదు,” అన్నాను.

“పేజీకి ఇంతని పైసలిచ్చినమమ్మా. మావే గదా,” అన్నాడాయన. కసురుకోలేదు, ఉన్న మాట చెప్పాడు. “కాయిదం మందంగున్నది. పొట్లాలకు గూడ పనికిరాదని రద్దీ ఆయన అంటున్నడు. గివి ఎవలు కొంటరు?”

“హరాజుల ఒక్కొక్క పేజీ వేరేగ పెట్టుండ్రి. కొనేటోళ్లను నేను తీసుకొస్త. వచ్చినదాంట్ల సగం మా బాపుకు ఇయ్యాలె. ఎవ్వలు రాకుంటె రద్దీ ధర నేనే కట్టి తీస్కపోత.”

ఆయన నన్ను చూసి నవ్వాడు. “నాకేం పోయేదున్నది? కానియ్యి టీచరమ్మా,” అన్నాడు. నేను అడిగితే చందాదారుల రిజిస్టరు కూడా తీసిచ్చాడు.

ఆ వారం సిరిసిల్ల వెళ్లి బాపుకు చెప్పాను. ఆయనకు నచ్చలేదు.

“అమ్మిన బట్ట మీద మల్ల మనకేం హక్కుంటది బిడ్డా? పైసలు తీసుకున్న. అయిపోయింది.”

“ఆఖరి నాలుగు పేజీలు గూడ అండ్లనే ఉన్నయి బాపు. ఒక్కలు జూడలే.”

బాపు కిటికీ పక్కన బల్ల దగ్గరికి వెళ్లాడు. దాని మీది దుమ్ము తుడిచాడు. తుడుస్తూనే, “అయి ఖరాబు గాలేదా?” అని అడిగాడు.

“లేదు.”

“అయితె నీ ఇష్టం,” అన్నాడు.

నేను మూడు వందల పోస్టుకార్డులు కొన్నాను. బడి విడిచాక కూర్చుని తొమ్మిది రోజులు రాశాను. రాయికల్, పెగడపల్లి, కోరుట్ల, సిరిసిల్ల, ఇంకా నేను పేరు కూడా వినని ఊళ్లు. అన్నింటిలో ఒకటే మాట రాశాను: ‘తాడు తెగిందా లేదా? తెలుసుకోవాలంటే ఆదివారం జగిత్యాల ప్రెస్సుకు రండి.’ కింద సంతకం కూడా పెట్టలేదు. ఆ మాట చదివితే పత్రిక పాఠకులకు మొత్తం అర్థమవుతుందనుకున్నాను. పాఠకులు కానివాళ్లు చదివితే ఏమనుకుంటారో నాకు తోచలేదు.

శుక్రవారం బడికి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ఎస్సైగారు రమ్మంటున్నారన్నాడు. జగిత్యాల ఠాణాకు వెళ్లేసరికి అల్లుడుగారు అప్పటికే బెంచీ మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నారు. కార్డుల మీద ప్రెస్సు మాట చూసి ముందు ఆయన్నే పిలిపించారట. ఎస్సై బల్ల మీద నా పోస్టుకార్డులు ఏడెనిమిది పరిచి ఉన్నాయి.

“ఏమ్మా, పల్లె పల్లెకు కార్డులు. అన్నింట్ల ఒక్కటే మాట. తాడు తెగిందా, ఆదివారం రండి. అడుగున పేరు లేదు, ఊరు లేదు. నువ్వు నా కుర్చీల కూసుంటె ఏమనుకుంటవ్?”

ఆయన అడిగింది న్యాయమే. బొమ్మల కథ గురించి చెప్పబోయాను కానీ కోట, రాజు, కుండలు దోచుకోవడం అని చెబుతున్నకొద్దీ నా మాటలు నాకే ప్రమాదంగా వినిపించాయి. చివరికి అల్లుడుగారు వెళ్లి కట్టలన్నీ రిక్షాలో తెచ్చారు. బాపుకు కబురు పోతే ఆయన కూడా మధ్యాహ్నం బస్సుకు దిగాడు. పని బట్టల మీదనే వచ్చాడు. జుట్టులో దూది ఇంకా ఉంది.

ఎస్సై ఆఖరి నాలుగు పేజీలు తీసి చూశాడు. ఒక్కొక్కటి ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

“ఈ రాజు ఎవరు?”

“రాజే సార్,” అన్నాడు బాపు.

“ఈ కోట ఎక్కడున్నది?”

“కథల సార్.”

“ఈ గాడిద?”

“గది మాత్రం నిజంగనే ఉండె సార్. మా గల్లీల చాకలాయనది. కుక్క కరిచి ఒక చెవు పోయింది.”

ఎస్సై నవ్వలేదు. ముందేం జరిగిందో తెలియకుండా ఆఖరిది చూస్తే ఏం అర్థమవుతుందని మొదటి కట్ట విప్పమన్నాడు. చదవడం మొదలుపెట్టాడు. మేం ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. ఎవరో వచ్చి టీ పెట్టి వెళ్లారు. ఆయన టీ చల్లారిపోయింది. ఎవరో ఫిర్యాదు పట్టుకొస్తే బయట కూర్చోమన్నాడు. నాలుగు కట్టలు అయ్యేసరికి ఎండ గోడ దిగింది. ఆఖరి పేజీ మళ్లీ చేతిలోకి తీసుకుని, దాన్ని చాలాసేపు చూసి, అట్టల మధ్య పెట్టి, దారం తానే కట్టాడు.

“సాయంత్రం అయిదు లోపల ముగించాలె. ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటరు,” అన్నాడు. మేం లేచి దండం పెట్టాం. గుమ్మం దగ్గరికి వచ్చాక వెనక నుంచి పిలిచాడు. “పంతులమ్మా, ఆ ఆఖరి పేజీ మాత్రం ముందుగాల ఎవ్వలికి చూపియ్యకుండ్రి.”

ఆదివారం పది గంటలకు ప్రెస్సు ఆవరణలో రద్దీ వ్యాపారులు, ఇనుము కొనేవాళ్లు తప్ప ఎవరూ లేరు. బాపు గోడవారగా ఒక బల్ల మీద కూర్చున్నాడు. పాట పాడించడానికి అల్లుడుగారు మార్కెట్ యార్డులో పసుపు పాట పాడించే పెద్దాయన్ను మాట్లాడారు. గొంతు లేపితే బజారు చివరికి వినిపించేది. మెషిన్లు, బల్లలు, సీసం అక్షరాలు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. నేను మాటిమాటికీ గేటు వైపు చూశాను. పదకొండున్నరకు రాయికల్ బస్సు వచ్చింది. అందులోంచి ఒక పదిమంది దిగారు. పిల్లలుగా పత్రిక చదివి ఇప్పుడు మీసాలు వచ్చినవాళ్లు, వాళ్లను వెంటబెట్టుకుని రిటైరైన హెడ్మాస్టరు ఒకరు. తర్వాత పెగడపల్లి ట్రాక్టరు. తర్వాత ఇంకో బస్సు. పన్నెండయ్యేసరికి ఆవరణ నిండి జనం రోడ్డు మీద నిలబడ్డారు. కానిస్టేబుళ్ల చుట్టూ పిల్లలు మూగారు.

“అన్నా, మీ ఎస్సై సారు చూసిండట గదా. పిల్ల బతికిందా?”

“మాకేం తెల్వదు. సారుకే తెలుసు. చెప్తలేడు,” అన్నాడు కానిస్టేబుల్, తనకూ ఆ బాధ ఉన్నట్టు.

ఆ జనంలో ఇద్దర్ని నేను ఇవాళ్టికీ మరిచిపోలేదు. ఒకరు జగిత్యాలలో రైసుమిల్లు పెట్టుకున్న పెద్దమనిషి. ఆయనదీ ఊరొదిలి వచ్చిన దొరల కుటుంబమే. పత్రిక సంచికలన్నీ తోలు బైండు చేయించి జీపులో తెచ్చాడు. మొదటి అయిదు సంచికలు మాత్రం తనకు దొరకలేదని, వాటికోసం వచ్చానని చెప్పాడు. రెండోవారు కోరుట్ల నుంచి పదిమంది ఆడవాళ్లను తోలుకొచ్చిన ఒక బీడీల ఆమె. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పొగాకు. వచ్చి నేల మీద కూర్చుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది.

“ఆదివారమైనా పనేనా అక్కా?” అని అడిగాను.

“వెయ్యి బీడీలు నిండాలె గద చెల్లె. చేతులు పనిజేస్తయి, చెవులు ఖాళీనే,” అంది. వాళ్ల వాకిట్లో పదకొండు ఇళ్లవాళ్లు కలిసి బీడీలు చుడతారట. చదువు వచ్చిన ఒకామె మధ్యలో కూర్చుని పత్రిక పైకి చదివేదట, బొమ్మలు ఎలా ఉన్నాయో కూడా చెప్పేదట. చందా ఒక్కరి పేరున, కథ అందరిది. “రెండేండ్లాయె, గా పిల్ల తాడుకు యేలాడవట్టి. మా పానాలు గూడ గాడనే ఉన్నయి,” అంది.

బొమ్మల పాట మొదలైంది. పెద్దాయన మొదటి షీటు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పసుపు కొమ్ము అయితే విరిచి చూపిస్తాడు, కొరికి చూపిస్తాడు. దీన్ని ఏం చేయాలో తెలియలేదు.

“మంచి కాయిదం. మందం కాయిదం. అయిదు రూపాయలు! అయిదు!”

ముందు ఎవరు నోరు తెరవాలో తెలియక అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. రద్దీ వ్యాపారి ఒకడు నవ్వాడు. బాపు తల వంచుకున్నాడు. ఆ తల వంచుకోవడం చూసి నేను బల్లెక్కాను. బడిలో నలభై మంది పిల్లల ముందు నిలబడే మనిషిని, ఇక్కడ మాత్రం ఎందుకు సిగ్గుపడాలి అనిపించింది.

“ఇది కథల మొదటి పేజీ,” అన్నాను. “పిల్ల పొద్దున లేచి చూస్తే వాకిట్ల ఒక్క కుండ లేదు. ఇగో, ఖాళీ వాకిలి. అచ్చుల మీకు ఇది నల్లగ కనవడ్డది. ఇక్కడ చూడుండ్రి, కుండలు ఉన్న జాగల మట్టిల గుండ్రంగ గుర్తులున్నయి. నలభై గుర్తులు. అన్ని గీసిండు మా బాపు.”

జనం ముందుకు జరిగారు. “ఏదీ, ఏదీ” అని వెనకవాళ్లు మునివేళ్ల మీద లేచారు. రాయికల్ హెడ్మాస్టరు కళ్లజోడు తుడుచుకుని దగ్గరగా చూసి, “పది,” అన్నాడు. “పదిహేను” అన్నారు ఎవరో. “ఇరవై.” అక్కడి నుంచి ఆగలేదు. నేను పేజీ చూపించి కథ చెబుతున్నాను, పెద్దాయన పాట పాడిస్తున్నాడు. నాలుగు పేజీలు అయ్యేసరికి ఆయనకూ కథ పట్టింది. “గాడిద బురదల దిగవడ్డది! లేస్తదా లేవదా? ముప్పై, ఒకటోసారి! గింత మంచి గాడిదకు ముప్పయ్యేనా?” అని అరిచాడు. జనం విరగబడి నవ్వారు. బాపు తలెత్తాడు.

తర్వాత మొదటి అయిదు సంచికలు వచ్చాయి. అవి ప్రెస్సులో మిగిలిన ఒకే ఒక్క జత. రైసుమిల్లు ఆయనా, హెడ్మాస్టరూ పట్టుబట్టి పాడారు. హెడ్మాస్టరు తన పింఛనంతా పెట్టేలా ఉన్నాడని వెంట వచ్చినవాళ్లు చొక్కా పట్టుకుని ఆపారు. రైసుమిల్లు ఆయన గెలిచాడు. పుస్తకాలు చేతిలోకి తీసుకుని వాసన చూసుకున్నాడు.

ఆఖరి నాలుగు పేజీల వంతు వచ్చేసరికి రోడ్డు మీద నిలబడ్డవాళ్లు కూడా లోపలికి తోసుకొచ్చారు. మూడు పేజీలు చూపించి, కథ చెప్పాను. తాడు తెగింది. పిల్ల గాలిలో ఉంది. జనం నోట “అయ్యో” అన్న మాట ఒక్కసారిగా వచ్చింది. రైసుమిల్లు ఆయన ఆ మూడూ వరసగా పాడుకున్నాడు. ఎవరు ఎంత అంటే దాని మీద ఎక్కువే అన్నాడు. బీడీల ఆమె తలెత్తలేదు. చుడుతూనే ఉంది. ఇంత దూరం వచ్చి ఒక్క పాట కూడా పాడదేమిటని నేను బాధపడ్డాను.

నాలుగో పేజీని వెనక్కి తిప్పి పట్టుకున్నాను. “ఇది గెలిచినోళ్లు ముందుగాల చూస్తరు,” అన్నాను.

అప్పుడు ఆమె చాట పక్కకు పెట్టి లేచింది.

“నూటయాభై,” అంది.

అందరూ వెనక్కి తిరిగారు. రైసుమిల్లు ఆయన కూడా తిరిగి చూసి, “రెండు వందలు,” అన్నాడు.

“రెండు వందల ఇరవై.”

“రెండు వందల నలభై,” అని ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి బయటికి రావడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. అది నేను చూశాను, ఆమె కూడా చూసింది.

“రెండు వందల యాభయొకటి.”

ఆయన డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు ఖాళీ చేతులు చూపించాడు. “నేను మూడు వందలు ఇస్త. పైసలు రేపు పొద్దుగాల పంపిస్త,” అన్నాడు.

పెద్దాయన అడ్డంగా తలూపాడు. “పాటల రేపు లేదు దొరా. పసుపైనా, బొమ్మైనా ఇయ్యాల్నే, చేతిల పైసలే. రెండు వందల యాభయొకటి, ఒకటోసారి! రెండోసారి!”

ఆమె పదకొండిళ్ల పైసలు కట్టిన చెంగు ముడి విప్పుతోంది.

“మూడోసారి!”

కోరుట్ల ఆడవాళ్లు వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పదిమందీ లేచి ఆమెను కావలించుకున్నారు. చాట కాలికి తగిలి బీడీలు నేలంతా పరుచుకున్నా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆమె నాతో అంది, “ముందు మూడు పేజీలల్ల ఏముంటది చెల్లె, పడుడే గదా. ఏమైందో ఆఖరిదాంట్ల ఉంటది. దొర పైసలు ఒడిసేదాక ఊకున్న.”

పేజీ చేతికిచ్చాను. ఆమె చూసింది. చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత దాన్ని మా బాపు దగ్గరికి తీసుకెళ్లింది.

“నువ్వే చెప్పు అన్నా. గీసినోని నోట ఇంటం.”

నలుగురి ముందు మాట్లాడటం బాపుకు తెలియదు. లేచి, పేజీ పైకెత్తి పట్టుకుని, గొంతు సవరించుకుని, చెప్పాడు. పిల్ల కింద పడుతుంటే ఊరు ఊరంతా కోట కింద నిలబడి ఉంది. ఎవరి చేతుల్లోనూ కత్తులు లేవు. మగ్గం మీద నుంచి అప్పుడే కోసిన పొడవాటి బట్టను అందరూ అంచులు పట్టుకుని బిగించి లాగారు. పిల్ల ఆ బట్ట మధ్యలో పడింది. ఒక అంచును ఒంటిచెవి గాడిద పళ్లతో పట్టుకుంది.

“గంతే,” అన్నాడు బాపు.

మొదట చప్పట్లు కొట్టింది ఎవరో తెలియదు. గేటు దగ్గర కానిస్టేబుల్ కూడా కొట్టడం మాత్రం చూశాను. పేజీలు కొన్నవాళ్లంతా వరసకట్టి బాపును సంతకం అడిగారు. ఆయన తన బొమ్మ కింద తన పేరు రాసుకోవడం అదే మొదటిసారి. మొదటి రెండు మూడు పేజీల మీద అక్షరాలు వంకర పోయాయి, ఆ తర్వాత కుదురుకున్నాయి. సగం లెక్క బాపు చేతిలో పెడుతూ అల్లుడుగారు, “కటింగ్ మెషిన్ కంటె బొమ్మలకే ఎక్కువ వచ్చింది పెద్దమనిషీ,” అని ఒకటికి రెండుసార్లు అన్నారు.

నెల తిరగకుండానే రైసుమిల్లు ఆయన జీపు మా గల్లీలో ఆగింది. నాలుగో పేజీ మళ్లీ గీసివ్వమని, ఎంతైనా ఇస్తానని అడిగాడు.

“రెండోది గీస్తె కోరుట్లోళ్ల దానికి విలువేమున్నది దొరా? గీయ,” అన్నాడు బాపు. సాంచల మీద ఇరవై ఏళ్లు తల వంచుకుని పనిచేసిన మనిషి ఎదురుగా నిలబడి అన్న మాట అది. రైసుమిల్లు ఆయన కోపం తెచ్చుకోకుండా, కోరుట్లలో ఆ ఇల్లెక్కడో అడిగాడు. వాళ్ల వాకిట్లో కూర్చుని, తను కొన్న మూడు పేజీలు పక్కన పెట్టుకుని, నాలుగోది చూసి వచ్చాడట. వాళ్లు చాయ్ ఇచ్చారట.

బాపు మళ్లీ గీయడం మొదలుపెట్టాడు. పత్రిక లేదు, అచ్చు లేదు. ఒక కథ పూర్తికాగానే నేను కార్డులు రాసేదాన్ని, ఈసారి కింద పేరుతో సహా. రెండో హరాజు కోరుట్లలో మా బడి ఆవరణలో జరిగింది. మూడోది సిరిసిల్లలో, సాంచల కార్మికులు కూర్చునే హాలులో. పసుపు పాట పెద్దాయనకు ఆ రోజు జ్వరం వచ్చి రాలేదు. ఎవరు పాడిస్తారా అని మేం ముఖాలు చూసుకుంటుంటే, బాపు చొక్కా చేతులు పైకి మడిచి బల్లెక్కాడు. ఆయన సేటు కూడా ముందు వరసలో ఉన్నాడు.

“ఇది మొదటి పేజీ. నేనే గీసిన,” అన్నాడు బాపు, హాలు చివరికి వినిపించే గొంతుతో. “ఎవలు పాడుతరు?”